మొగ దగ్గర లోతు

చైత్ర బహుళ పాడ్యమి

పొద్దుటి పోటు మీద బియ్యం ఓడను లోపలికి తెచ్చాను. చిన్న ఓడ, మనుషులు నడిపేది. మనుషులు లేకుండా నడిచే పెద్ద ఓడలు మా మడపాలెం రావడం మానేసి ఏడాది దాటింది. నీళ్ళ మీద తేలుతూ వాటికి దారి చూపే బోయలన్నీ తీరపు రేవులన్నీ కలిసిన సాగర కూటమివి. మేము కూటమి నుంచి విడిపోయిన రోజు మధ్యాహ్నానికల్లా అవి మూగబోయాయి. ఇప్పుడు ఊరికే నీళ్ళ మీద ఎర్రగా ఊగుతుంటాయి, కొంగలు వాలుతుంటాయి.

అంతకుముందు ఓడల పైలట్ అంటే తెర ముందు కూర్చుని టీ తాగే ఉద్యోగం. ఇప్పుడు నేను ప్రతి ఓడా ఎక్కి, నీటి రంగు చూసి, సీసపు గుండు కట్టిన తాడు వేయించి, లోతు తెలుసుకుంటూ తేవాలి. నాకిది ఇష్టమే. మా నాన్న ఇలాగే తెచ్చేవాడట.

మా ఊరికి రోడ్డు లేదు. సముద్రం పాత తీరాన్ని మింగాక మిగిలిన మెరక మీద కట్టుకున్న ఊరు. ఒకవైపు మడ అడవి, మూడు వైపులా నీళ్ళు. బియ్యమైనా మందైనా అగ్గిపెట్టైనా మొగలోంచే రావాలి. ఏరు సముద్రంలో కలిసే ఆ ఇరుకు దారి తప్ప మాకు వేరే గుమ్మం లేదు.

సాయంత్రం సభలో పన్ను తగ్గించారు. రూపాయి లాభంలో పావలా తీసుకునే వ్యాపారప్పన్ను ఇకమీదట అణా మాత్రమే. తీర్మానం పెట్టింది మా అక్క మరిడేశ్వరి, సభాధ్యక్షురాలు. కూటమిని వదిలేద్దామని ఇంటింటికీ తిరిగి ఒప్పించినదీ ఆవిడే. అందులో నా ఓటు కూడా ఉంది.

ఇంటికి వస్తే అక్క మా వంటింట్లో పీట మీద కూర్చుని ఎండు రొయ్యలు ఒలుస్తూ ఉంది.

"మొహం అలా పెట్టుకున్నావేంటే?" అంది.

"మొగలో పూడిక తీసేది ఆ పన్నుతోనే కదక్కా."

"తెలుసే. కూటమిలో ఉన్నప్పుడు కంపెనీలు మన మొహం చూసి వచ్చేవా? సుంకం లేదని వచ్చేవి. ఇప్పుడు మన సరుకు మీద వాళ్ళు సుంకం వేస్తున్నారు. మరి ఇక్కడికి ఏం చూసి వస్తారు చెప్పు? ఏదో ఒకటి చూపించాలి కదా. పదిమంది వస్తే అణా అణా కలిసి పావలా అవుద్ది."

తప్పేమీ కనబడలేదు ఆ మాటలో. రొయ్యలు వేపుకుని తిన్నాం.

జ్యేష్ఠ శుద్ధ పంచమి

కంపెనీలు వచ్చాయి. రేవు వీధిలో కొత్తగా కట్టిన మేడ గోడకు పేర్ల పలకలు కింది నుంచి పై దాకా బిగించారు. తిమింగలాల నూనె దగ్గర నుంచి చంద్రుడి మీద గనుల దాకా అన్ని వ్యాపారాల పేర్లూ ఉన్నాయి. లోపల చూస్తే ఒక వాచ్‌మన్, ఒక ఫ్యాను. ఉత్తరాలు వస్తాయా అని అడిగాను. "రావండి. ఒకాయన వచ్చి పలకలు తుడిచి వెళ్తాడండి" అన్నాడు.

మొగలో మేట తీసే యంత్రాలు మాకు రెండు. ఊళ్ళో వాటిని పెద్దావిడ, చిన్నావిడ అంటారు. ఈ వారం పెద్దావిడను ఒడ్డుకు కట్టేశారు. నడపడానికి ఖజానాలో డబ్బు లేదట. వాటికి మేస్త్రీ అప్పలస్వామి. పాతికేళ్ళుగా ఈ మొగతోనే బతుకుతున్న మనిషి. కబురు చెప్పడానికి నా పడవ దగ్గరికొచ్చాడు.

"ఏరు ఇంకా పొంగలేదండి. అసలు బురద శ్రావణంలో దిగుద్దండి. చిన్నావిడ ఒక్కతే అంటే..." అని ఆగిపోయాడు.

"అక్కతో చెప్తాను."

"ఆయ్. చెప్పండి."

చెప్పాను. ఒక్క పెద్ద కంపెనీ వస్తే చాలు, రెండూ నడుస్తాయి అంది. ఆ ఒక్కటీ దాదాపు ఒప్పుకున్నట్టే అని గొంతు తగ్గించి చెప్పింది.

శ్రావణ బహుళ తదియ

ఏరు పొంగింది. ఎక్కడో ఎగువన కొండలు కోసుకుని తెచ్చిన ఎర్ర బురద మొగలో దిగుతోంది. చిన్నావిడ పగలంతా తోడినా మర్నాటికి మళ్ళీ అంతే. మొగ మధ్యలో సన్నగా వంగే చోటును మేము మెడ అంటాం. పున్నమి పోటుకి అక్కడ ఆరు బారల నీరు ఉండాలి. అయిదు ఉంది.

పెద్దావిడను అమ్మేశారు. జీతాలకు. కొన్నది కూటమి రేవే. దాన్ని మొగలోంచి బయటికి తీసుకెళ్ళింది నేనే. అప్పలస్వామి గట్టు మీద నిలబడి చూశాడు కానీ చెయ్యి ఊపలేదు.

ఆ ఒక్క పెద్ద కంపెనీ పేరు ఇప్పుడు ఊరంతా తెలుసు. మేరునీల. తేలే కర్మాగారం. సముద్రపు నాచు నుంచి మందులు తీసే ఓడ, ఒక వీధంత పొడవు. కూటమి పన్నులు కట్టలేక, అణా పన్నుకి మా రేవుకి వచ్చి శాశ్వతంగా లంగరు వేస్తుందట. ఎనిమిది వందల మందికి పని. మా మేనకోడలు లీలాంబ, అంటే అక్క కూతురు, ఇప్పటికే అందులో పనికి పేరు రాయించుకుంది. కూటమి సుంకం దెబ్బకి రొయ్యల షెడ్లు మూతపడ్డాక ఊళ్ళో పనిలేని వాళ్ళు ఎంతమందో నాకు తెలుసు. పొద్దున్నే నా పడవ దగ్గర కూలి అడగడానికి నిలబడేది వాళ్ళే.

మేరునీలకు నాలుగున్నర బారల నీరు కావాలి. అది అడ్డం తిరగకుండా మెడ దాటాలి. అది వచ్చేసరికి మేట ఇంకెంత పెరుగుతుందో తెలియదు, నేను కుదరదన్నాను.

భాద్రపద శుద్ధ ద్వాదశి

అక్క ఇంటికి రాలేదు, ఆఫీసుకే పిలిచింది. అక్కడ కంపెనీ తరఫు మనిషి విహారి ఉన్నాడు. నెమ్మదైన మనిషి, నవ్వుతూ మాట్లాడతాడు.

"మేడం, మా ఓడ ఒక్కసారి లోపలికి వస్తే చాలు. మళ్ళీ కదలదు. మందులు చిన్న పడవల్లో వెళ్ళిపోతాయి. మొగ ఎంత లోతున్నా ఆ తర్వాత మాకు అవసరం లేదు" అన్నాడు.

"మాకుంది" అన్నాను.

అక్క అతన్ని బయట కూర్చోమంది. తలుపు వేసి వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చుంది, బల్ల వెనక కాదు.

"పున్నమికి రాకపోతే వేరే రేవు చూసుకుంటామంటున్నారే. ఈ ఒక్కటి పోతే ఇంక ఎవరూ రారు. పన్ను తగ్గించి ఖజానా ఖాళీ చేసిందని నన్నంటారు, అననీ. కానీ ఊరు ఏం తింటుంది?"

"ఇరుక్కుంటే?"

"ఇరుక్కోకుండా తేవడానికే కదా నువ్వున్నావు."

"అక్కా, మెడలో అంత ఓడ కూర్చుందంటే దాన్ని తీసే నాథుడు లేడు. బియ్యం పడవ కూడా దూరదు. అదీ నువ్వు ఆలోచించుకోవాలి."

కుర్చీ నా వైపు జరుపుకుంది. తర్వాత అడిగింది: "అసలు కుదరనే కుదరదా? నిజం చెప్పు. నేను అక్కని, అధ్యక్షురాలిని కాదు ఇప్పుడు."

నిజం ఏమిటంటే పున్నమి మర్నాడు, పోటు నిండుగా ఉండి, గాలి సముద్రం వైపు నుంచి వీస్తే, జానెడు నీరు మిగులుతుంది. అదే చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. ఆవిడ కళ్ళల్లోకి వచ్చిన వెలుగు చూస్తే ఇంక వెనక్కి తీసుకోలేకపోయాను.

ఒక్క షరతు పెట్టాను. ఓడ ఎక్కాక ఆపమంటే ఆపాలి. నా మాట మీద ఎవరి మాటా ఉండకూడదు. సరే అంది.

భాద్రపద బహుళ పాడ్యమి

ఈరోజుది ఈరోజే రాయాలి.

మేరునీలను బయట సముద్రంలో ఎక్కాను. అక్క, విహారి నాతోనే ఎక్కారు. డెక్కు మీద పనివాళ్ళ కుటుంబాలు, పిల్లలు. ఊరు చూడాలని ముందుభాగానికి వచ్చి రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. మొగకు రెండు వైపులా గట్ల మీద మా ఊరంతా ఉంది. డప్పుల మోత ఓడ దాకా వినబడుతోంది.

గాలి నేను కోరుకున్నట్టు లేదు. నేల వైపు నుంచి వీస్తోంది. ఆపేయనా అనుకున్నాను. అప్పలస్వామి చిన్న పడవలో ముందు వెళ్తూ తాడు వేసి రేడియోలో లోతు చెబుతున్నాడు.

"అయిదున్నర... అయిదున్నర... అయిదుంపావు."

ఇంకా బాగానే ఉంది. సాగనిచ్చాను. ఓడకు ముందొకటి, వెనకొకటి లాగే పడవలు కట్టించాను. కెప్టెన్ నా పక్కనే నిలబడి నా మాట చుక్కాని పట్టినవాడికి అందిస్తోంది. సన్నటి మనిషి, తన ఓడ నా చేతుల్లో పెట్టినప్పటి నుంచి ఒక్క మాట అదనంగా మాట్లాడలేదు.

మెడ దగ్గరికొచ్చాం.

"అయిదు. అయిదుకి తక్కువ. నాలుగుముప్పావు."

గట్టు మీద మనుషుల మొహాలు కనబడుతున్నాయి. లీలాంబ ఎర్ర చీర కట్టుకుని నిలబడి ఉంది.

"నాలుగుముప్పావు... రత్నమ్మగారూ, ఆపండి. ఆపండి! నాలుగుంపావే ఉందండి! కొత్త మేటండి, నిన్న లేదండి ఇది!"

ఇంజన్లు ఆపించాను. వెనక్కి తిప్పించాను. అంత ఓడ మాట విన్నా వెంటనే ఆగదు. కాళ్ళ కింద ఏదో మెత్తగా పట్టుకున్నట్టయింది. దెబ్బ కాదు, చప్పుడు లేదు. అలసిపోయిన మనిషి కూర్చున్నట్టు ఓడ కూర్చుంది. పక్కన నీళ్ళు చిక్కటి ఎరుపులోకి తిరిగాయి.

డప్పులు ఇంకా మోగుతూనే ఉన్నాయి. వాళ్ళకు తెలియదు.

పోటు ఇంకా కొద్దిగానే పెరగాలి. ఆ తర్వాత నీరు తీయడం మొదలవుతుంది. నీరు తీసిందంటే ఓడ మెడలో అడ్డంగా పడుకుంటుంది.

"ముందుకు తొయ్యవే" అంది అక్క. ఊరి వైపు చెయ్యి చాపింది. "మేటే కదా. ఇంకొంచెం జోరిస్తే కోసుకుని పోదా? అదిగో రేవు, కనబడతా ఉంది!"

విహారి కూడా అన్నాడు, "కెప్టెన్, అధ్యక్షురాలు గారు చెప్పినట్టు ముందుకే పోనివ్వండి."

కెప్టెన్ మా ముగ్గురినీ చూసింది.

"ఓడ నా చేతిలో ఉంది" అన్నాను. "అక్కా, నువ్వు మాటిచ్చావు. వెనక్కే తీస్తున్నాను."

"రత్నం!"

"ముందుభాగంలో బరువుకి నింపిన నీళ్ళ తొట్లు ఖాళీ చేయించండి" అన్నాను కెప్టెన్‌తో. "వెనక పడవకు ఇంకో రెండు తాళ్ళు వేయించండి. డెక్కు మీద ఆ తాళ్ళ దగ్గర ఎవరూ ఉండకూడదు. తెగితే మనిషిని రెండు ముక్కలు చేస్తాయి."

కెప్టెన్ మైకులో చెప్పింది. ఎవరూ వినడం లేదు. డప్పుల హోరు. ముందుభాగంలో చోటు దొరకని జనం డెక్కు వెనక వైపు తాళ్ళ మధ్యే నిలబడి గట్టు వైపు చేతులూపుతున్నారు.

అప్పుడు మా అక్క నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను. తిట్టబోతోందనుకున్నాను. తిట్టలేదు. గిరుక్కున తిరిగి మెట్లు దిగింది. ఒక్క నిమిషంలో డెక్కు మీద ఉంది. చీర కొంగు నడుముకు బిగించి, ఎవరి పిల్లనో చంకనేసుకుని, కూటమి మీద సభల్లో అరిచిన గొంతుతోనే అరుస్తోంది.

"లోపలికి పదండమ్మా! అందరూ లోపలికి! ఆ తాళ్ళ దగ్గర్నుంచి రండి! ఏవయ్యా, నిన్నే, నవ్వుతావేంటి, రా!"

ఒక్కొక్కరినీ భుజం పట్టి తోసింది. డెక్కు ఖాళీ అయింది.

వెనక పడవ లాగింది. ఓడ కదల్లేదు. ముందు తొట్లలోంచి నీళ్ళు పాయలుగా సముద్రంలో పడుతున్నాయి. మళ్ళీ లాగింది. ఒక తాడు తెగి డెక్కు మీద పాములా కొట్టుకుని రెయిలింగును వంచేసింది. అక్కడ అంతకుముందు పదిమంది ఉన్నారు. కెప్టెన్ కళ్ళు మూసుకుని ఏదో అనుకుంది. నేను గట్టు మీద ఒక మడ చెట్టు వేరుకు అంటిన నీటి గీతనే చూస్తున్నాను. అది పెరగడం ఆగిపోయింది.

"ఇంకొక్కసారి" అన్నాను.

పట్టు వదిలింది. ముందు వదిలినట్టు తెలియలేదు. గట్టు మీద మనుషులు ముందుకు జరుగుతున్నట్టు కనిపించారు. జరుగుతున్నది మేమే, వెనక్కి. డప్పులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గట్ల మధ్య నుంచి ఆ ఓడను తోక ముందుగా సముద్రంలోకి తీసుకుపోతుంటే ఊరంతా చూస్తూ నిలబడింది. లీలాంబ ఎర్ర చీర చాలాసేపు కనబడింది.

భాద్రపద బహుళ సప్తమి

విహారి కోపగించుకోలేదు. కొత్త బేరం తెచ్చాడు. మొగను కంపెనీకి తొంభై తొమ్మిదేళ్ళకు రాసివ్వాలి. వాళ్ళ యంత్రాలు తెచ్చి వాళ్ళే తవ్వుకుంటారు. ఓడ లోపలికి వస్తుంది, ఎనిమిది వందల మందికి పని వస్తుంది. మొగలో వచ్చే పోయే ప్రతి పడవా వాళ్ళకు దారి పన్ను కట్టాలి.

ఊళ్ళో నాతో మాట్లాడేవాళ్ళు తగ్గారు. పొద్దున నా పడవ దగ్గరికి కూలికి ఎవరూ రాలేదు. చేపల బజారులో ఒకావిడ నాకు వినబడేలా, "కడుపు నిండినోళ్ళకేం, వెనక్కి తిప్పేస్తారు" అంది. సంచీ పట్టుకుని వచ్చేశాను.

సభలో లెక్క వేసుకుంటే ఇవ్వాలనే వాళ్ళు, వద్దనే వాళ్ళు సరిసమానం. అక్క ఓటే తేల్చాలి.

సాయంత్రం వచ్చింది. నేను బొమ్మిడాయిలకు బూడిద రాసి తోముతున్నాను. ఎదురుగా కూర్చుని తనూ ఒకటి తీసుకుంది.

"కూటమి మన తలుపు తాళం తన దగ్గర పెట్టుకుందనే కదక్కా బయటికొచ్చాం" అన్నాను. "ఇప్పుడు తలుపే ఇచ్చేస్తామా?"

"తలుపు ఇచ్చినా లోపల అన్నం ఉంటుంది కదే. ఇవ్వకపోతే? తలుపు పట్టుకుని పస్తులుంటామా?"

నేను ఇంకో చేపకు బూడిద రాశాను. అక్క తన చేతిలో బొమ్మిడాయి జారిపోతుంటే రెండు చేతులా పట్టుకుంది.

"లీల నాతో మాట్లాడటం లేదు" అంది. "ఇవ్వకపోతే ఈ ఊళ్ళోంచి వెళ్ళిపోతుందట."

"నువ్వేం చేస్తావు?"

"చేపలు కడుగుతాను" అంది. నిజంగానే అన్నీ కడిగిపెట్టి వెళ్ళిపోయింది.

భాద్రపద అమావాస్య

సభ గ్యాలరీలో కూర్చున్నాను. జనం కిటికీలెక్కి చూస్తున్నారు. ఓట్లు సమానంగా వచ్చాయి. అక్క లేచింది. కాగితం లేదు చేతిలో.

"నా లెక్క తప్పింది" అంది. "సుంకం అడ్డున్న చోటికి పన్ను తగ్గితే పరిగెత్తుకొస్తారనుకున్నాను. పలకలు వచ్చాయి, పనులు రాలేదు. వచ్చిన ఒక్క ఓడకూ దారి లేకుండా చేసుకున్నాం. మొగ ఇవ్వడానికి నేను ఒప్పుకోను. వ్యాపారప్పన్ను మళ్ళీ పావలా చేద్దామని తీర్మానం పెడుతున్నాను."

అరుపులు. ఎవరో చెప్పు విసిరారు, బల్ల మీద పడింది. ఆవిడ దాన్ని పక్కకు జరిపి రెండో ఓటు పెట్టింది. అదీ సమానమే. మళ్ళీ ఆవిడే తేల్చింది.

అక్క ఇంటికి వెళ్ళేసరికి కిటికీ అద్దాలు పగిలి ఉన్నాయి. ఇద్దరం కలిసి ఊడ్చాం.

ఆశ్వయుజ శుద్ధ అష్టమి

మేరునీల కూటమి రేవుకే తిరిగి వెళ్ళిపోయింది. మేడ గోడ మీద పలకలు సగానికి పైగా ఊడదీశారు. వాచ్‌మన్ వేరే పని వెతుక్కుంటున్నాడు. లీలాంబ నిన్న బియ్యం ఓడలో కూటమి వైపు వెళ్ళిపోయింది, మేరునీలలోనే పని దొరికిందట. ఆ ఓడను మొగ దాటించింది నేనే. నాతో మాట్లాడలేదు, కానీ నేను నా పడవలోకి దిగేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పన్ను పెరిగినా కట్టే కంపెనీలు కొన్నే మిగిలాయి. వచ్చింది చిన్నావిడను రెండు పూటలా నడపడానికి సరిపోతోంది. రెండో యంత్రం మాటే లేదు.

అక్కను అధ్యక్ష పదవి నుంచి దించేశారు.

ఆశ్వయుజ బహుళ విదియ

పొద్దుటి పోటు మీద ఒక ఉప్పు పడవను బయటికి తీసుకెళ్ళాను. అందులో ఒకే ప్రయాణికురాలు, మా అక్క. మన ఎండు చేపల మీద, రొయ్యల మీద సుంకం తగ్గించమని అడగడానికి కూటమి రాజధానికి వెళ్తోంది. సభ పంపిన మనిషి కాదు. పంపడానికి ఎవరూ ముందుకు రాలేదు, వెళ్ళడానికీ ఎవరూ ముందుకు రాలేదు. విడిపోవాలని అరిచిన మనిషే వెళ్తే గేటు దగ్గరే నవ్వుతారని సభలో అన్నారట. నవ్వితే నవ్వనీ, అంది.

ఒక గుడ్డ సంచీ, ఎండు రొయ్యల డబ్బా, వాళ్ళకు రుచి చూపించడానికి. పడవ ముందుభాగంలో నా పక్కనే నిలబడింది. మెడ దగ్గర అప్పలస్వామి చిన్నావిడ మీద నుంచి చూసి ఇంజను ఆపి, తలపాగా తీసి పట్టుకున్నాడు. అక్క అటు చూడలేదు. నీళ్ళనే చూస్తోంది.

"ఎంతుందే ఇక్కడ?" అని అడిగింది.

"అయిదుంపావు."

మొగ దాటాం. అక్కడ నేను దిగి నా పడవలోకి వెళ్ళిపోవాలి. తాళ్ళ నిచ్చెన వేశారు. కెరటాలు ఎక్కువగా ఉన్నాయి.

"ఎందుకు వెళ్ళిపోయారని మొదటే అడుగుతారక్కా" అన్నాను. "ఏం చెప్తావు?"

"చెప్పడానికి వెళ్ళడం లేదే" అంది. "అడగడానికి వెళ్తున్నాను."

నిచ్చెన పైకొసను తనే రెండు చేతులా పట్టుకుంది, నేను దిగేదాకా. నా పడవ పక్కకు జరిగాక చూస్తే ఇంకా అలాగే వంగి పట్టుకుని ఉంది. ఉప్పు పడవ నడిపే సరంగు వచ్చి ఆవిడ చేతులు వదిలించాడు.

గాలి సముద్రం వైపు నుంచి ఉంది. తిరుగు ప్రయాణంలో మెడ దగ్గర లోతు మళ్ళీ కొలిచాను. అదే ఉంది.